నిర్భయంగా మాట్లాడవలెనని ఉత్తర్వు

మా కార్యాలయంలో పాత రిజిస్టర్లకు స్వస్తి చెప్పి, సెలవు అర్జీ మొదలుకొని బిల్లుల మంజూరు దాకా సమస్తమూ కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే జరగాలని నిర్ణయించిన రోజునే మరో సర్క్యులర్ కూడా వెలువడింది. ఈ మార్పుపై సిబ్బంది యావన్మందీ తమ అభిప్రాయాలను నిర్భయంగా, నిస్సంకోచంగా వెల్లడించవలెననీ, వెల్లడించని వారి నుంచి సంజాయిషీ కోరబడుననీ దాని సారాంశం.

సర్క్యులర్ వెనకాలే సమావేశం వచ్చింది. మార్పు అమలు కమిటీకి అధ్యక్షులైన మా మేనేజర్ గారు అప్పుడే శిక్షణ ముగించుకొని వచ్చారు కనుక, తెర మీద ముందుగా మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ ప్రత్యక్షమయ్యాడు. 1947లో ఆయన రాసిన దాని ప్రకారం ముందు పాత అలవాట్లను కరిగించాలి, తరువాత మార్చాలి, ఆపైన కొత్త పద్ధతిని తిరిగి గడ్డకట్టించాలి. ఆ వెంటనే, సంస్థల్లో మార్పు తేవడానికి మేనేజ్‌మెంట్ ఆచార్యుడు జాన్ కాటర్ చెప్పిన ఎనిమిది మెట్లు వచ్చాయి. వాటిలో మొదటిది, ఇక ఆలస్యం చేస్తే లాభం లేదన్న భావన అందరిలో కలిగించడం. “సోమవారం నుంచి రిజిస్టరులో రాసింది ఏదీ చెల్లదు” అని మేనేజర్ గారు ఆ మెట్టును ఒక్క వాక్యంతో ఎక్కేసి, మిగిలిన ఏడింటికీ వ్యవధి లేదని ప్రొజెక్టర్ ఆపించి, “ఇప్పుడు చెప్పండి, ఎవరికైనా సందేహాలున్నాయా?” అని అడిగారు. లెవిన్ చెప్పిన మొదటి రెండు దశలనూ దాటవేసి సభ యావత్తూ నేరుగా గడ్డకట్టింది.

అకౌంట్స్ పెద్దాయన మోగని ఫోన్‌ను చెవిన పెట్టుకున్నారు. నా పక్కనున్నాయన పెన్ను మూత తీసి, అందులోకి తొంగి చూసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశారు. చివరికి కొత్తగా చేరిన కుర్రవాడొకడు లేచి, సెలవు అర్జీ నింపిన తరువాత దాన్ని పంపే బటన్ ఎక్కడా కనబడడం లేదండీ అన్నాడు. మేనేజర్ గారు ఎంతో సంతోషించి, ఇలాంటి చొరవే కావాలని మెచ్చుకొని, ఏ పేజీలో ఏ బటన్ ఉందో, ఏది లేదో సమగ్రంగా నివేదిక తయారుచేసే బాధ్యతను అతనికే అప్పగించి, దాన్ని శనివారానికల్లా ఇమ్మన్నారు. ఆ తరువాత ఎవరికీ ఏ సందేహమూ కలగలేదు. పైవారు “చెప్పండి” అన్నప్పుడు కిందివారు చూసేది ఆయన చిరునవ్వును కాదు, కిందటిసారి చెప్పినవాడు ప్రస్తుతం ఏ సీటులో ఉన్నాడన్నదే.

ముఖాముఖి మాట్లాడడానికి జంకుతున్నారు కాబట్టి, పేరు రాయనక్కర లేని ఫారం ఒకటి కంప్యూటర్‌లో పెట్టారు. అమెరికాలో 1976 నుంచి ఇటువంటి ఏర్పాటు ఒకటి నడుస్తోంది. పైలట్లు తాము చూసిన లేదా చేసిన పొరపాట్లను విమానయాన నియంత్రణ సంస్థకు కాకుండా నాసాకు తెలియజేస్తే, పేరూ చిరునామా ఉన్న చీటీని నివేదిక నుంచి విడదీసి, తేదీ ముద్ర వేసి, రాసినవారికే తిప్పి పంపేస్తారు. మా ఐటీ విభాగం అంత దూరం పోలేదు. జాగ్రత్త కోసం అన్నిటికీ అయిదుకు అయిదు వేసి పంపిన అకౌంట్స్ పెద్దాయనకు మరుక్షణమే వచ్చిన మెయిల్‌లో ఆయన పూర్తి పేరు, ఉద్యోగి సంఖ్య, సెక్షన్ వరుసగా ఉండి, ఆ కింద “మీ వివరాలు పూర్తిగా గోప్యంగా ఉంచబడును” అని ఉంది. ఆయన దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయలేదు. తన కంప్యూటర్ తెరను కాస్త పక్కకు తిప్పి ఉంచారు, అంతే. సాయంత్రానికి కార్యాలయం మొత్తం అయిదుకు అయిదు వేసింది.

రెండో రోజు డైరెక్టర్ గారి సమక్షంలో ఫలితాలు చూపుతూ, ఒక్క ఫిర్యాదు కూడా లేకపోవడమే మార్పు విజయవంతమైందనడానికి నిదర్శనమని మేనేజర్ గారు ప్రకటించారు. అయితే, బృందాల పనితీరును అధ్యయనం చేసే పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రులను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల లెక్కల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా కనబడ్డాయి. ఆ బృందాలు ఎక్కువ తప్పులు చేయడం వల్ల కాదు, దాచకుండా చెప్పుకోవడం వల్లనే అలా జరిగి ఉంటుందని ఆమె తేల్చింది. శిక్షణలో ఆ స్లైడు వచ్చే వేళకు మేనేజర్ గారు బయట ఫోన్‌లో ఉన్నారేమో తెలియదు.

ఇంతలో ఐటీ కుర్రవాడు పట్టికను చివరి దాకా జరిపాడు. అన్నిటికంటే ముందు అందిన అభిప్రాయం అట్టడుగున ఉంది. “రెండు బిల్లుల మంజూరుకు ఒక పూట పట్టింది. పంపే బటన్ వెతకడానికే సగం పూట సరిపోయింది. ఈ దిక్కుమాలిన దాన్ని నమ్ముకుంటే పని సాగదు కనుక పాత రిజిస్టరు నా సొరుగులోనే ఉంచుకున్నాను.” దానికి అయిదుకు ఒకటి వేశారు. వద్దు వద్దని అకౌంట్స్ పెద్దాయన సైగ చేస్తూనే ఉన్నారు గానీ, కుర్రవాడు పట్టికను కుడివైపుకు కూడా జరిపాడు. అందరికీ ఆదర్శంగా ఉండాలని ఫారం తొలుత నింపినవారు మేనేజర్ గారే.

డైరెక్టర్ గారు చాలాసేపు తెర వంక చూశారు. ఉన్నవారిలో మనసులోని మాట రాసిన మనిషి ఈయనొక్కరే కాబట్టి కమిటీ అధ్యక్షులుగా ఈయనే కొనసాగాలని ఆదేశించారు. పంపే బటన్ ఆ మధ్యాహ్నమే, మిగతా బటన్ల కంటే రెట్టింపు సైజులో, ఆకుపచ్చ రంగులో ప్రత్యక్షమైంది. అది లేదన్న నివేదికను మాత్రం ఆ కొత్త కుర్రవాడు శనివారానికి ఇవ్వవలసిందేనట.