గార్టర్ నీలి పట్టీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నీలి పట్టీ గారి దివ్యసముఖానికి,

ఇంగ్లండు రాజులిచ్చే గార్టర్ అనే పెద్ద బిరుదుకు గుర్తుగా ఎడమ భుజం మీంచి ఏటవాలుగా దిగి కుడి తుంటి దగ్గర ఆగే తమరిని చూశాక, పటంలో ఉన్నది ఇంగ్లండు రాజేనని లోకం నోరు మూసుకుని ఒప్పుకోవాలట. ఆ రాజు ఇంగ్లండులో కాలు పెట్టలేడన్న చిన్న చిక్కు తమ దాకా వచ్చిందో లేదో! 1688 డిసెంబరులో ఇంగ్లండు రాజు రెండవ జేమ్స్ గద్దె పోగొట్టుకుని, లండన్ వదిలి ఫ్రాన్సుకు పారిపోయాడు. అక్కడి రాజు పధ్నాలుగవ లూయీ జాలిపడి సాన్-జెర్మాన్-అన్-లే కోట ఇచ్చి, ఏటా 6,00,000 ఫ్రెంచి లీవ్రల భత్యం కట్టాడు. 1701లో జేమ్స్ కన్నుమూస్తే పదమూడేళ్ల కొడుకును మూడవ జేమ్స్ అన్నారు. పటంలో ఉన్న తమ రాజు ఈయనే. పట్టాభిషేకపు కిరీటం లండన్‌లోనే ఉండిపోయింది. పార్లమెంటూ అక్కడే, పన్నులు కట్టే జనమూ అక్కడే. ఇక్కడ రాచరికానికి సాక్ష్యంగా మిగిలింది తమరే.

తమ చేత అంత చాకిరీ చేయించినవాడు చిత్రకారుడు అలెక్సీ-సిమోన్ బెల్. 1674లో పారిస్‌లో పుట్టి, ఫ్రాంస్వా ద త్రువా దగ్గర పని నేర్చుకున్నాడు. 1700లో, చిత్రకారులను ఇటలీకి చదువుకు పంపే రోమ్ బహుమతి గెలిచి కూడా ఇటలీ గడప తొక్కలేదు. సాన్-జెర్మాన్‌లో చేతినిండా పని ఉండగా రోమ్ ఎందుకు? రాజ్యం లేని రాజుకు పటాలే రాయబారులు. స్కాట్లండులో రహస్యంగా ఆయన ఆరోగ్యానికి గ్లాసు ఎత్తేవాడికి ఒకటి పంపాలి, ఇంకో దేశపు దొరకు ఇంకోటి. అందరికీ అదే ముఖం, అందరికీ తమరే.

రాజుగారు తమరిని ఎంతసేపు మోశారనుకుంటున్నారు? ఆనాటి చిత్రశాలల్లో దొర కూర్చునేది ముఖం వరకే. ఆ తర్వాత బట్టలూ కవచమూ కీళ్లున్న చెక్కబొమ్మకు తొడిగేవారు. వారాల తరబడి తమరు వేలాడింది ఆ చెక్కభుజం మీదే. బొమ్మకు ఒళ్లు నొప్పులు లేవు, పట్టు మడత చెదరదు. ఇక నకళ్లంటారా, నూనె రాసిన పల్చటి కాగితం అసలు పటం మీద పరిచి గీతలు ఎత్తుకోవాలి. ఆ గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కొత్త గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దితే రాజు దిగుతాడు. గుడ్డకు ముందే జిగురు, దాని మీద ఎర్రమట్టి పూత, ఆపైన బూడిద రంగు పూత పడి ఉంటాయి. పైరంగు పల్చబడే కొద్దీ ఆ ఎరుపు నీడల్లోంచి తొంగిచూస్తుంది.

అసలు బాధ తమ నీలంతోనే. ఆఫ్ఘన్ కొండల నుంచి వచ్చే లాజవర్దం అనే నీలిరాయి రంగు ఖరీదు తలచుకుంటేనే భత్యం కరిగిపోతుంది. అందుకని అడుగున స్మాల్ట్ వేసి, పైన ఆ ఖరీదైన రంగు పల్చగా ఒక పొర లాగేవారు. చౌక నకలుకు ఆ పొరా ఉండదు. స్మాల్ట్ అంటే కోబాల్టు కలిపిన గాజు పొడి. మెత్తగా నూరితే రంగు పోతుంది, గరుగ్గా ఉంచితే నూనెలో కిందికి జారుతుంది. కాలం గడిచే కొద్దీ గాజులోని పొటాషియం నూనెలోకి దిగిపోయి, ఆకాశనీలం కాస్తా బూడిదవుతుంది. నీలిమందు లేదా అంటారేమో. మన మచిలీపట్నం రేవులో డచ్చివాళ్లు ఓడలకెత్తిన సరుకేగా! నూలుగుడ్డ మీద దాని పట్టు దానిదే, నూనెరంగులో మాత్రం వెలుగుకు వెలిసిపోతుంది. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ అందరి చేతికీ అందేలోగానే, 1713లో, ఫ్రాన్సు, ఇంగ్లండుల సంధి పుణ్యమా అని తమ రాజు తట్టాబుట్టా సర్దుకుని లొరేన్ చేరాడు.

రంగు నిలిచిందే అనుకోండి, భుజం మారితే కొంప మునుగుతుంది. ఫ్రెంచి రాజులిచ్చిన సెయింట్-ఎస్ప్రీ బిరుదు పట్టీ కూడా నీలమే, కాకపోతే కుడి భుజం మీంచి ఎడమ తుంటికి దిగేది. రాగిరేకు మీద చెక్కి అచ్చు తీస్తే ఎడమ కుడి అవుతుంది కదా. చెక్కేవాడు అద్దంలో చూసి తిరగేసి చెక్కాలి. బద్ధకించాడా, ఇంగ్లండు సింహాసనపు హక్కుదారు ఫ్రెంచి రాజు ఉప్పు తింటున్న వీరుడుగా తేలతాడు. కొంతవరకు నిజమే అనుకోండి!

వార్నిషు ఇంకో శత్రువు. అది ముదిరి పచ్చబడితే, కింద ఉన్న తమరు ఆకుపచ్చగా కనిపిస్తారు. స్కాట్లండు థిసిల్ బిరుదుకు కట్టే రిబ్బను ఆకుపచ్చదే. ఎవరూ ఇవ్వకుండానే తమకు శాఖ బదిలీ! చాలదన్నట్టు, లండన్‌లో కుదురుకున్న హానోవర్ వంశపు రాజులు వాళ్లిచ్చే గార్టర్ పట్టీని ముదురు నీలానికి మార్చేశారు. ప్రవాసంలో తమ రాజు ఇచ్చిన లేతనీలం పట్టీలతో కలవకూడదని.

1708లో, సింహాసనం తిరిగి గెలవడానికి ఓడలు నిజంగానే సిద్ధమైనప్పుడు తమ రాజుకు డంకర్క్ రేవులో తట్టు పోసింది. స్కాట్లండు తీరం దాకా వెళ్లి, దిగకుండానే వెనక్కి వచ్చాడు. పటాల్లో మాత్రం బుగ్గ మీద మచ్చ లేదు. బెల్ చేతి మహిమ ఏమో గానీ, 1723లో ఆయన వేసిన స్పెయిన్ రాజకుమారి కూడా ఫ్రాన్సు రాణి కాలేదు. పెళ్లి తప్పించి 1725లో పుట్టింటికి పంపేశారు.

తమకు మా విన్నపం ఒక్కటే. వార్నిషు తీసే రోజున కాస్త కదలకుండా ఉండండి. ముందు అంచున, చొక్కా తెల్లని చోట, వేలిగోరంత చతురంలో పరీక్షిస్తాం. తమ దగ్గరికి ఆఖరున వస్తాం. దూది మీద ఆవగింజంత నీలం అంటినా చెయ్యి అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే ఆ పల్చటి లాజవర్దపు పొర పోతే అడుగున ఉన్నది బూడిదే.

ఇట్లు,
దూదిపుల్ల పట్టుకున్న తమ విధేయులు