'నే' అన్నాడా? అయితే అవునా, కాదా?

తెలుగువాడి చెవికి 'నే' అంటే తొందరలో పలికిన 'నేను'. నే పోతా, నే తింటా. మనదే కదా ఈ మాట అన్న ధీమాతో బయల్దేరితే, ఆ ధీమా గ్రీసులో బస్టాండు దాకానే.

అక్కడి థెస్సలొనీకీ ఊళ్లో, పక్క దేశం బల్గేరియా రాజధాని సోఫియాకు పోవాలనుకున్న ఒక ప్రయాణికుడు ఒక కాలు నేల మీద, ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి "సోఫియా?" అని అడిగాడనుకుందాం. డ్రైవరు "నే" అన్నాడు. అంటే 'కాదు' అని ఎక్కడో విని ఉన్నాడు కనుక మనవాడు మెట్టు మీది కాలు వెనక్కి తీసుకున్నాడు. విన్నది అబద్ధం కాదు, సరిహద్దు అవతలి మాట. గ్రీకులో 'నే' అంటే అవును. వెళ్లిపోయింది సోఫియా బస్సే.

తరవాతి బస్సు దగ్గర పక్కవాణ్ణి అడిగాడు. "ఓహీ" అన్నాడతను. ఓకే లాగానే వినబడింది, ఎక్కి కూర్చున్నాడు. ఎంతసేపు పోయినా కిటికీలోంచి సముద్రం వదలదు. సోఫియాకు సముద్రం లేదు. 'ఓహీ' అంటే కాదు. 1940 అక్టోబరు 28న ఇటలీ అల్టిమేటాన్ని కాదన్నందుకు గ్రీకులు ఏటా ఆ రోజు సెలవు పెట్టుకుంటారు. 'కాదు'కి పండగ చేసే దేశంలో దాన్ని ఓకే అనుకున్నాడు!

పడుతూ లేస్తూ సోఫియా చేరి, హోటల్లో గది ఉందా అని అడిగితే మళ్లీ "నే". ఈసారి పాఠం వంటబట్టింది కదా, సంచి లోపలికి ఈడ్చాడు. బల్గేరియన్‌లో 'నే' అంటే కాదు, లేదు. పోనీ తల చూసి తేల్చుకుందామా? అక్కడి అలవాటులో తల నిలువుగా ఆడితే కాదు, అడ్డంగా ఊగితే అవును. పైగా కొందరు విదేశీయుల సౌకర్యం కోసమని తిప్పి ఊపుతారు. అవతలివాడు మనకోసం సర్దుకున్నాడా, మనం అతని కోసం సర్దుకోవాలా అన్నది ఆ తలకే తెలియాలి.

ఇంతకీ ఈ రెండు 'నే'లకూ చుట్టరికం లేదు. బల్గేరియా 'నే' మన 'నాస్తి'లో ఉన్న సంస్కృత నకారానికి దూరపు బంధువు. గ్రీకుది ఒకప్పుడు 'నై'. రాతలో ఇప్పటికీ అలాగే ఉంటుంది, పలకడంలో అరిగి 'నే' అయింది. 'న'లాంటి హల్లు దాదాపు ప్రతి భాషలోనూ ఉంటుంది కాబట్టి, ఒక్క అక్షరం మాటలు ఇలా ఒకదాన్నొకటి గుద్దుకోక తప్పదు. టర్కీలో 'నే' అంటే 'ఏమిటి?' హంగరీలో 'వద్దు'. జపాన్‌లో వాక్యం చివర తగిలించే 'కదా'. బ్రెజిల్ పోర్చుగీసులోనూ 'కదా'యే, అదీ స్వతంత్రంగా పుట్టిందే. మరాఠీలో ఎవరైనా 'నే' అంటే వస్తువు తీసుకుపొమ్మని.

కొరియన్‌లో 'నే' అంటే 'అవును'. కానీ అక్కడా ఓ మెలిక. "నువ్వు రావడం లేదా?" అని అడిగితే "నే" అంటారు. మీరన్నది నిజమే, రావడం లేదు అని. మీరేమో అతని కోసం కుర్చీ వేసి ఎదురుచూస్తుంటారు. పైగా మాట మొదట్లో వచ్చే నకారాన్ని ఎంత తేలిగ్గా పలుకుతారంటే మన చెవికి 'దే' అని పడుతుంది. హిందీలోలాగా ఇవ్వమంటున్నాడేమో అని జేబు తడుముకోకండి.

కాబట్టి తెలియని చోట అవునా-కాదా ప్రశ్నలు వేయొద్దు. 'ఇది సోఫియా బస్సేనా' అనకుండా 'ఈ బస్సు ఏ ఊరికి' అని అడగండి. జవాబు ఊరి పేరై వస్తుంది, ఊరి పేరుకి తల ఊపే పనిలేదు. గది కావాలంటే కాగితం మీద తేదీ, మనుషుల సంఖ్య రాసి పెట్టండి. ఉంటే ధర రాస్తారు, లేకపోతే కొట్టేస్తారు. 'రావడం లేదా' లాంటి ప్రశ్నల జోలికి మాత్రం అసలు పోకండి.

మనవాడికి ఇంత ఓపిక ఎక్కడిది? 'నే'కి దండం పెట్టి, లోకమంతటికీ తెలిసిన 'నో' ఉండగా భయమేమిటని పోలండు వెళ్లాడు. దుకాణంలో "ఇంకొకటి వేయమంటారా?" అన్నట్టు సైగ చేశారు. "నో" అన్నాడు గట్టిగా. పోలిష్ వాడుకలో 'నో' అంటే 'ఆఁ, అలాగే'. రెండోది కూడా సంచిలో పడింది.