ఓడను వెతికే రాడార్ మన వరదకీ కావాలి

కర్నూలుకి సముద్రమే దూరం, ధ్రువాల సంగతి చెప్పక్కర్లేదు. అయినా మంచులో ఇరుక్కున్న ఓడల్ని శాటిలైట్ ఫొటోలతో ఎట్లా పట్టుకుంటారనే దాని మీద ఈరోజు రాస్తున్నాం, ఎందుకంటే ఆ పని చేసే రాడార్ శాటిలైట్లే మన నెత్తి మీద నుంచి కూడా పోతున్నాయి, వాటిని మనం వాడుకునేది మాత్రం చాలా తక్కువ.

2013 డిసెంబర్‌లో అకడెమిక్ షోకాల్‌స్కీ అనే రష్యా ఓడ అంటార్కిటికాలో కామన్‌వెల్త్ బే దగ్గర 74 మందితో మంచులో చిక్కుకుంది. ఓడ ఎక్కడుందో అందరికీ తెలుసు, కానీ చుట్టూ మంచు ఎంత దూరం ఉంది, నీళ్లు ఎటువైపు ఉన్నాయి అనేది పైనుంచి చూస్తేనే తెలిసేది. నాసా శాటిలైట్ల మీదున్న మోడిస్ కెమెరా నుంచి రోజూ దొరికే ఫొటోలో ఒక్క చుక్క అంటే 250 మీటర్లు, ఓడ పొడవేమో 71 మీటర్లు, ఇంక ఓడ ఎక్కడ కనపడుతుంది, మబ్బు పడితే మంచూ కనపడదు. సాయానికొచ్చిన చైనా ఐస్‌బ్రేకర్ (మంచు పగలగొట్టుకుని పోయే ఓడ) షుయెలాంగ్ తన హెలికాప్టర్‌తో 2014 జనవరి 2న 52 మందిని ఆస్ట్రేలియా ఓడకి చేర్చింది, తర్వాత అదే ఇరుక్కుంది. చివరికి గాలి మళ్లి మంచు విచ్చుకున్నాకే రెండూ బయటపడ్డాయి.

రాడార్ శాటిలైట్‌కి వెలుతురు అక్కర్లేదు, తనే తరంగాలు పంపి తిరిగొచ్చినవి పట్టుకుంటుంది, నెలల తరబడి పొద్దు పొడవని చోట కూడా మబ్బుల్లోంచి చూస్తుంది. ఓడ ఇనుము తరంగాల్ని గట్టిగా వెనక్కి కొడుతుంది కాబట్టి తెల్లగా మెరుస్తుంది. కానీ ఒకదాని మీద ఒకటి ఎక్కిన మంచు పలకలూ మెరుస్తాయి, ఐస్‌బర్గులూ మెరుస్తాయి, పైగా మంచు కదుల్తానే ఉంటుంది, నిన్నటి ఫొటో నమ్మి ఈరోజు ఓడ నడపలేం. కాబట్టి ఫొటో ఒక్కటే చాలదు, వరసగా తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని ఇది ఓడ, ఇది గడ్డ అని చెప్పగలిగే మనిషి కావాలి. 1915లో అంటార్కిటికా మంచులో ఇరుక్కుని మునిగిన ఎండ్యూరెన్స్ అనే ఓడని 2022 మార్చిలో 3,008 మీటర్ల లోతులో కనిపెట్టిన టీం కూడా మంచులో దారికి టెర్రాసార్-ఎక్స్ అనే జర్మనీ శాటిలైట్ రాడార్ ఫొటోలు వాడింది.

ఇట్లాంటి రాడార్లు మనకీ ఉన్నాయి. ఇస్రో రాడార్ శాటిలైట్ ఈవోఎస్-04 2022 ఫిబ్రవరి 14న, నాసాతో కలిసి చేసిన నైసార్ 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లాయి. 2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లు కొట్టుకుపోయిన రోజు మనవాళ్లు ఎవరూ మర్చిపోలేదు. రాడార్ ఉంటే కట్ట ఆగేదని మేము అనడం లేదు, నీళ్లు గంటల్లో వచ్చాయి, శాటిలైట్ ధ్రువాల మీదకి తిరిగినంత తరచుగా మన మీదకి రాదు కూడా. కానీ వరద తర్వాత ఏ ఊరు నీళ్లలో ఉంది, ఏ రోడ్డు పోయింది, ఏ పొలంలో ఇసుక మేట వేసింది అనేది మబ్బులు విడిచేదాకా ఆగకుండా చూడొచ్చు, నిలిచిన నీళ్లు రాడార్ ఫొటోలో నల్లగా కనపడతాయి.

ఆ నలుపు నీళ్లదా, కొండ నీడదా అని తేల్చగలిగే వాళ్లని ఇక్కడే తయారు చేయాలి. అనంతపురం జేఎన్‌టీయూ, కడప యోగి వేమన యూనివర్సిటీ, కర్నూలు కాలేజీల పిల్లలకి ఈ ఫొటోలు చదవడం నేర్పండి, ప్రతి కలెక్టరేట్ వరద కంట్రోల్ రూంలో అట్లాంటి ఒకరిని పెట్టండి. వచ్చే ఈశాన్య రుతుపవనాల లోపే ఈ పని జరగాలని మూడు జిల్లాల కలెక్టర్లని అడుగుతున్నాం.