ఏడు గుర్రాలు, ఐదు ముక్కలు, ఒక అట్ట గోడ

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల కష్టాల్లో వీసా గురించి, పిల్లలకు తెలుగు రాకపోవడం గురించి, మంచి గోంగూర దొరక్కపోవడం గురించి అందరూ మాట్లాడతారు. వాటి మీద సభలు పెడతారు, తీర్మానాలు చేస్తారు, చివర్లో భోజనాలు వడ్డిస్తారు. అంతకన్నా తీవ్రమైన సమస్య ఒకటి ఇంటింటా సోఫా వెనకాల నేల మీద, గోడకు ఆనుకుని ఉంది. దాని గురించి ఒక్క సభలోనూ ఎవరూ నోరు విప్పలేదు. అది డిస్కౌంట్ చూసి ఆగలేక కొన్న కాన్వాస్ ప్రింట్, అంటే గుడ్డ మీద అచ్చేసిన బొమ్మ. కొని చాలా కాలమైంది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. దాన్ని గోడకు ఎలా తగిలించాలన్న విషయంలో ఇంట్లో ఏకాభిప్రాయం రాలేదు మరి.

ఇంటాయన పిరికివాడేం కాదు. ముప్పై ఏళ్ళ ఇంటి అప్పు కాగితాల మీద ఒక్క పూటలో సంతకాలు చేశాడు. పెళ్ళిచూపుల్లో కాఫీ చల్లారకముందే సరేనన్నాడు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి కొత్త కోడ్‌ను ప్రొడక్షన్‌లోకి తోసి, నిశ్చింతగా సినిమాకు వెళ్ళగలడు. అలాంటి మనిషి చేతికి ఒక మేకు, ఒక సుత్తి ఇచ్చి గోడ ముందు నిలబెట్టండి. అరచేతులకు చెమట పడుతుంది. "ముందు కొంచెం రీసెర్చ్ చేద్దాం" అంటాడు.

ఆ గోడ సంగతి కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళు దాన్ని గోడగా ఒప్పుకోరు. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఉన్న కూతురింటికి గుంటూరు నుంచి తొలిసారి వచ్చిన మావయ్యగారు, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, లేచి వెళ్ళి గోడను వేలి కణుపుతో తడతారు. లోపల డొల్లగా మోగుతుంది. "అల్లుడు గారూ, ఇది అట్టండీ!" అంటారు. ఇల్లు ఎంత పడిందో అడిగి తెలుసుకుని, మనసులో రూపాయల్లోకి మార్చుకుని, ఇంకో గ్లాసు మంచినీళ్ళు అడుగుతారు.

ఆయన అన్నది మరీ తప్పేమీ కాదు. అరంగుళం మందాన జిప్సం, దానికి అటూ ఇటూ కాగితం. ఆ దేశంలో గోడంటే అదే. అగస్టీన్ శాకెట్ అనే ఆయన 1894లో ఇలాంటి పలకకు పేటెంటు తీసుకున్నాడు. 1909లో యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లక్షల ఇళ్ళు త్వరత్వరగా కట్టాల్సి వచ్చింది. తాపీ మేస్త్రి పూత పూసి, అది ఆరేదాకా రోజుల తరబడి కూర్చునే ఓపిక ఎవరికీ లేకపోయింది. దాంతో దేశమంతా ఈ పలకలకు మారిపోయింది. దీన్ని చులకన చేయడం కూడా న్యాయం కాదు. జిప్సం బరువులో ఐదో వంతు దాకా నీరు ఇమిడి ఉంటుంది. ఇల్లు అంటుకుంటే ఆ నీరు ఆవిరవుతూ మంటను కాసేపు నిలువరిస్తుంది. అంటే అగ్నిహోత్రుణ్ణి ఆపగల గోడ అది. మావయ్యగారి సుత్తిని మాత్రం ఆపలేదు.

హైదరాబాదులో కథ అడ్డం తిరిగింది. అక్కడి కొత్త టవర్లలో మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో, పోసిన కాంక్రీటు గోడలు. మేకు కొడితే మేకే వంగిపోతుంది, మళ్ళీ కొడితే వేలు వాస్తుంది, చివరికి హ్యామర్ డ్రిల్లు ఉన్నవాణ్ణి పిలవాలి. అన్నగారి గోడలో మేకు దిగదు, తమ్ముడి గోడలో మేకు ఆగదు. ఇద్దరూ వీడియో కాల్‌లో ఒకరి గోడను చూసి ఒకరు అసూయపడుతుంటారు.

అమెరికా తమ్ముడి దగ్గరికే వద్దాం. ఆ పలకల వెనక, మధ్య నుంచి మధ్యకు కొలిస్తే సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున నిలువు చెక్కలుంటాయి. స్టడ్‌లంటారు. కొలత టూ బై ఫోర్ అని చెబుతారు. టేపు పెట్టి చూస్తే ఒకటిన్నర, మూడున్నర. రెండంటే ఒకటిన్నర అని దేశమంతా ఒప్పుకుని ఇళ్ళు కట్టుకున్నాక కాదనడానికి మనమెవరం?

ఈ చెక్కల చుట్టూ ఒక వర్గం ఏర్పడింది. వీళ్ళు ఎక్కువగా సివిల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ చేస్తున్నవాళ్ళు. పెళ్ళి ఫొటో కానీ, తిరుపతి క్యాలెండర్ కానీ, గోడకు ఏది తగిలించినా స్టడ్‌లోకి దిగాల్సిందే, లేకుంటే ఇల్లు నిలవదు అని వీళ్ళ నమ్మకం. చదివిన చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చిందన్న ఆవేశం కూడా ఉంటుంది. స్టడ్ ఫైండర్ కొంటారు. గోడ మీద పాకించుకుంటూ వెళ్తే చెక్క ఉన్న చోట కూస్తుంది. పైపు ఉన్న చోటా కూస్తుంది. ఏమీ లేని చోట కూడా ఎందుకైనా మంచిదని ఓ కూత కూస్తుంది. కూసిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెడతారు. సాయంత్రానికి హాలు గోడ సంక్రాంతి ముగ్గుకు చుక్కలు పెట్టినట్టుంటుంది. దారానికి చిన్న అయస్కాంతం కట్టి గోడ మీద ఆడిస్తే, పలకను చెక్కకు బిగించిన స్క్రూల దగ్గర ఠక్కున అతుక్కుంటుంది. అదే స్టడ్. కానీ అయస్కాంతానికి బ్యాటరీ లేదు, యాప్ లేదు, రివ్యూలు లేవు. ఎలా నమ్మడం?

సరే, స్టడ్ దొరికింది. అది సోఫాకు నడిమధ్యన ఉండదు. ఏడంగుళాలు ఎడమకు ఉంటుంది. ఎందుకలా అని అడక్కూడదు, ఎప్పుడూ అంతే. స్టడ్‌ను జరపలేం కాబట్టి సోఫాను జరుపుతారు. సోఫా జరిగింది కాబట్టి టీపాయ్, టీపాయ్ జరిగింది కాబట్టి కార్పెట్, కార్పెట్ జరిగింది కాబట్టి టీవీ జరుగుతాయి. ఇంట్లో సమస్తమూ జరిగాక కూడా బొమ్మ మాత్రం నేల మీదే ఉంటుంది.

రెండో వర్గం యాంకర్లవాళ్ళు. చెక్క లేని చోట స్క్రూకు పట్టు ఇవ్వడానికి గోడలోకి దింపే ప్లాస్టిక్, లోహపు బిరడాలివి. కొన్ని లోపల ఉబ్బుతాయి, కొన్ని స్క్రూలా తిరుగుతూ గోడను వాటంతటవే తొలుచుకుంటాయి. డబ్బా మీద 50 పౌండ్లు, 75 పౌండ్లు అని రాసి ఉంటుంది. మన బొమ్మ నాలుగైదు పౌండ్లు తూగుతుంది, అంటే రెండు కిలోలకు అటూ ఇటూ. కానీ మనవాడు 75 దగ్గర ఆగడు. రేపు ఎవరైనా బొమ్మ పట్టుకుని వేలాడితే? అందుకని టోగుల్ బోల్టు తెస్తాడు. దీనికి గోడకు అరంగుళం వెడల్పున బెజ్జం పెట్టాలి. ముడుచుకున్న రెక్కల్ని అందులోంచి తోస్తే వెనక్కి వెళ్ళి విప్పుకుంటాయి. అక్కడి నుంచి గోడ ఊడాలే కానీ బోల్టు ఊడదు. బోల్టు తీద్దామనుకుంటే రెక్కలు విడిపోయి గోడ లోపలే పడిపోతాయి, ఇక వాటిని తీసే మార్గం లేదు. ఇంటాయన గ్రీన్ కార్డుకు అప్లికేషన్ పెట్టి పదేళ్ళుగా వరుసలో నిలబడ్డాడు. ఈ రెక్కలకు మాత్రం ఒక్క పూటలో పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చేసింది.

మూడో వర్గం అహింసావాదులు. గోడకు గాయం చేయకూడదు, అంటించే పట్టీలే శరణ్యం అంటారు. అద్దె ఇళ్ళలో ఈ మతం బలంగా వ్యాపించింది, డిపాజిట్ భయం వల్ల. చిన్న మేకు బెజ్జాలను మామూలు అరుగుదల కింద వదిలేసే చోట్లు చాలానే ఉన్నాయి, లీజు కాగితం చదివితే తెలుస్తుంది. కానీ అది చదవడం కంటే పట్టీ అంటించడం తేలిక. పట్టీల ప్యాకెట్టు వెనక ఒక వ్రతవిధానం ముద్రించి ఉంటుంది. గోడను రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవాలి. రంగు వేసి వారం దాటి ఉండాలి. 30 సెకన్లు అదిమి పట్టాలి. గంటసేపు ఏమీ తగిలించకూడదు. మంచం పైన అసలే పెట్టకూడదు. సత్యనారాయణ వ్రతాన్ని ఒక్క తప్పూ లేకుండా చేయించే కుటుంబం ఈ వ్రతంలో మొదటి అంకానికే ఎగనామం పెడుతుంది. పైగా టెక్సాస్ ఇళ్ళలో గోడలు నున్నగా ఉండవు. లప్పం చిమ్మి నారింజ తొక్కలా గరుకు చేస్తారు. పట్టీ ఆ బొడిపెల కొసల మీద కూర్చుంటుంది తప్ప గోడను పూర్తిగా తాకదు. పగలంతా నమ్మకంగా ఉండి తెల్లవారుజామున మూడింటికి దబ్బున పడుతుంది. ఇంటిల్లిపాదీ లేస్తారు. దొంగ అనుకుని ఒకరు బ్యాటు పట్టుకుంటారు, దెయ్యమనుకుని ఒకరు హనుమాన్ చాలీసా అందుకుంటారు. బొమ్మను మళ్ళీ సోఫా వెనక పెట్టి పడుకుంటారు. ఇక గోడ మీద మిగిలిన పట్టీని నిదానంగా కిందికి సాగదీస్తూ తీయాలి. మనవాళ్ళు తమ వైపుకు గుంజుతారు. రంగుతో పాటు గోడ కాగితం కూడా ఊడొస్తుంది. మేకు బెజ్జమైతే కంది గింజంత ఉండేది.

పరిశోధకులారా, ఈ మూడు వర్గాల గ్రంథాలూ పరిశీలించి ఈ కాలమ్ తన తీర్పు ఇస్తోంది. కాన్వాస్ ప్రింట్ అంటే నాలుగు చెక్క పట్టీల మీద బిగించిన గుడ్డ. అద్దం లేదు, బరువు లేదు. ఒకే ఎత్తులో, బొమ్మ వెడల్పులో ఇంచుమించు సగం దూరంలో, రెండు సన్నటి మేకులు కొద్దిగా కిందికి వాల్చి కొట్టాలి. తలలు కాస్త బయటికి ఉంచి, వాటి మీద పై పట్టీని కూర్చోబెట్టాలి. ఇద్దరు మోస్తున్నారు కాబట్టి బొమ్మ పక్కకు వాలదు. వెనక తీగ అక్కర్లేదు, రంపపు పళ్ళ పట్టీ అక్కర్లేదు, స్టడ్ అక్కర్లేదు. స్విచ్చులకీ ప్లగ్గులకీ సరిగ్గా పైన మాత్రం కొట్టకండి, తీగలు అక్కడి నుంచే నిలువుగా వెళ్తుంటాయి. రేపు మనసు మారితే రవ్వంత లప్పం. పెట్టినప్పుడు గులాబీ రంగులో ఉండి ఆరాక తెల్లబడే రకం కూడా అమ్ముతారు, ఆరిందో లేదో తెలియక వేలు పెట్టి చూసేవాళ్ళ కోసం. పని మొత్తం పావుగంట.

ఈ తీర్పు ఎవరికీ నచ్చదని తెలుసు. మరీ చవగ్గా ఉంది. మేకుల ఖరీదు రివ్యూలు చదివిన కరెంటుకు కూడా సరిపోదు. అసలు భయం బొమ్మ పడుతుందని కాదు. గోడ బ్యాంకుది, బెజ్జం మనది. ఎప్పుడో పదేళ్ళకు ఇల్లు అమ్మితే, కొనడానికొచ్చినవాడు ఆ బెజ్జం చూసి ముఖం చిట్లించి పదివేల డాలర్లు తగ్గిస్తాడేమోనని ఇప్పట్నుంచే టెన్షన్. తన ఇంట్లో తనే అద్దెకున్నవాడిలా తిరిగే ఈ మనిషికి ఏ యాంకర్ పట్టు ఇవ్వగలదు?

ఎత్తు గొడవ వేరే ఉంది. బొమ్మ నడిబొడ్డు నేలకు 57 అంగుళాల ఎత్తులో ఉండాలని మ్యూజియంల వాళ్ళు తరచూ పాటించే లెక్క, నిలబడ్డ మనిషి కంటికి తిన్నగా. మావయ్యగారికిది మింగుడుపడదు. వాళ్ళ ఇంట్లో తాతల ఫొటోలు శ్లాబుకు జానెడు కింద, ముందుకు వంగి, వచ్చేపోయేవాళ్ళ నడవడిక గమనిస్తూ ఉండేవి. కంటికి ఎదురుగా పెడితే భయం, భక్తీ ఏముంటాయని ఆయన ప్రశ్న. జవాబు చెప్పడం కష్టమే.

చివరికి మావయ్యగారు తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక, అల్లుడు ఆఫీసు కాల్‌లో ఉన్న సమయం చూసి, సుత్తి చేతబట్టారు. బొమ్మ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పరిగెత్తే ఏడు గుర్రాలు, వాస్తుకు మంచిదని కొన్నది, ఐదు ముక్కల సెట్టు. ఏడు గుర్రాల్ని ఐదు పలకలకు సర్దడంలో కొన్నింటి తల ఒక ముక్కలో, మిగతా ఒళ్ళు పక్క ముక్కలో పడ్డాయి. అందుకని ముక్కల మధ్య సందు ఎక్కడా తేడా రాకూడదు. వచ్చిందంటే గుర్రానికి మెడ సాగుతుంది. రసమట్టం లేకపోతే గ్లాసులో నీళ్ళు పెట్టి చూసుకున్నారు. ముక్కకు రెండు చొప్పున పది మేకులు. గోడ కూలలేదు. అల్లుడు కాల్ ముగించి వచ్చి చూసి, ముందు బెజ్జాలు లెక్కపెట్టి, తర్వాత బొమ్మ చూసి, "బానే ఉందండీ" అన్నాడు.

గుంటూరుకు వీడియో కాల్ చేసి అత్తయ్యగారికి చూపించారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "గుర్రాలు వీధి గుమ్మం వైపు పరిగెడుతున్నాయేంటండీ? లోపలికి రావాలి కదా, ఉన్నది కూడా పట్టుకుపోతాయి" అన్నారు. తిరగేసి పెడదామంటే గుర్రాల కాళ్ళు పైకి వస్తాయి. ఎదురు గోడకు మార్చాల్సిందే అని తేలింది. అల్లుడు స్టడ్ ఫైండర్‌కు కొత్త బ్యాటరీ వేసి ఎదురు గోడ మీద పాకించాడు. అక్కడ చెక్కలు 24 అంగుళాలకొకటి ఉన్నాయట. రీసెర్చ్ మళ్ళీ మొదలైంది.