అద్దెకు సంతకాలు

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ అంకెల మీదకే పోతాయి. అడుగున ఉన్న సంతకాన్ని ఎవరు చూస్తారు? అది చేసిన పాథాలజిస్టు, అంటే రక్తాన్నీ శరీరం నుంచి తీసిన ముక్కలనూ పరీక్షించి రోగం తేల్చే డాక్టరు, ఆ ల్యాబు గడప తొక్కారా అన్నది చాలాచోట్ల అనుమానమే. నెలకింత అని మాట్లాడుకుని, స్కాన్ చేసిన సంతకాన్ని నాలుగైదు ల్యాబులకు అద్దెకిచ్చే తంతు వైద్యవర్గాల్లో బహిరంగ రహస్యం. పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ వైద్యులే రిపోర్టుపై సంతకం చేయాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు అమలవుతూనే ఉంది, మనిషి లేకుండా! చిన్న ల్యాబులకు కేంద్రం తర్వాత కొన్ని సడలింపులిచ్చినా, చూడని రిపోర్టుపై సంతకం పెట్టొచ్చని ఎవరూ అనలేదు.

యంత్రాలు ఉండగా డాక్టరెందుకని యజమానుల వాదన. డెంగీ రోజుల్లో దీనికి జవాబు దొరుకుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఊదారంగు మూత గొట్టంలో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొందరి రక్తంలో దానివల్లే ప్లేట్‌లెట్లు (డెంగీలో తగ్గిపోయే రక్తకణాలు) ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ గుంపులను యంత్రం లెక్కలోకి తీసుకోదు. 1.5 లక్షలున్నా 30 వేలని చూపించగలదు. ఇంట్లోవాళ్లు దాతల కోసం అర్ధరాత్రి ఫోన్లు కలుపుతుంటారు. ఒక చుక్కను గాజుపలకపై పలుచగా పూసి, రంగువేసి మైక్రోస్కోపు కింద పెడితే గుంపులు కనబడతాయి. ఈడీటీఏకు బదులు సిట్రేట్ అనే రసాయనం ఉన్న గొట్టంలో మళ్లీ రక్తం తీస్తే అసలు లెక్క తేలుతుంది. చూసే మనిషే లేనిచోట యంత్రం చెప్పిందే వేదం.

గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీలో ఈ బాధ్యత మరీ బరువు. రొమ్ము గడ్డ నుంచి తీసిన ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో, అంటే ముక్క పాడవకుండా కాపాడే ద్రవంలో పడాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. లేదంటే క్యాన్సర్‌కు హార్మోన్ మాత్రలు పనిచేస్తాయో లేదో చెప్పే హార్మోన్ రిసెప్టర్ పరీక్ష తప్పుగా నెగటివ్ రావచ్చు, పనిచేసే మాత్రలు రోగికి దక్కకుండా పోవచ్చు. సర్జన్లనూ ఇక్కడ ఒక మాట అనక తప్పదు. వయసెంత, గడ్డ ఎన్నాళ్లుగా ఉంది, స్కాన్‌లో ఏం తేలింది అన్నవేవీ రాయకుండా ముక్కను సీసాలో వేసి పంపేస్తే పాథాలజిస్టు ఏం చెప్పాలి?

ప్రైవేటు వైద్య సంస్థల నియంత్రణకు ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం, తెలంగాణలో 2010 నాటి కేంద్ర చట్టం ఉన్నాయి. రిజిస్ట్రేషన్ వేళ డిగ్రీ కాపీ ఉంటే చాలు, ఆ డాక్టరు ఎప్పుడొస్తారని అడిగే నాథుడు లేడు. ఒక్కో పాథాలజిస్టు ఏయే ల్యాబుల్లో, ఏ వేళల్లో ఉంటారో రిజిస్ట్రేషన్ నంబరుతో సహా వెబ్‌సైట్లో పెట్టాలని మేం కోరుతున్నాం. చిన్న ఊళ్లలో పాథాలజిస్టులు దొరకరన్నది నిజమే. అక్కడి నమూనాలను జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ల్యాబుకు పంపే ఏర్పాటు పెరగాలి. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఆ దారి వేసింది. ఇక అద్దె సంతకం బయటపడితే ల్యాబుకు తాళం వేసి ఊరుకోవద్దు. సంతకం అమ్ముకున్న డాక్టరుపైనా మెడికల్ కౌన్సిల్ చర్య తీసుకోవాలి.