స్థాయి చూసి మాట్లాడే చాట్‌బాట్ గారికి

అయ్యా,

ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకు వివరిస్తారని తమరికి పేరు. అది నమ్మి ఇవాళ మా అమ్మ బ్లడ్ రిపోర్టు తమరి ముందు పెట్టాను. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క) 6.6, హిమోగ్లోబిన్ 8, అంటే రక్తం బాగా తక్కువ. షుగర్ అనడానికి గీత 6.5 దగ్గర ఉంది. ఐరన్ తక్కువున్న వాళ్లకు ఏ1సీ కాస్త ఎక్కువ చూపిస్తుంది కదా, ఈ 6.6ని ఎంతవరకు నమ్మొచ్చు? నేనడిగింది ఇదొక్కటే.

"చాలా మంచి ప్రశ్న!" అన్నారు. సంతోషం. ఆ వెంటనే "మీ ఒంట్లోని కణం ఒక చిన్న ఇల్లనుకోండి, ఇన్సులిన్ దాని తాళంచెవి" అని మొదలెట్టారు. పక్కన తాళంచెవి బొమ్మ కూడా.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని మహాప్రభో! ఊదా మూత ట్యూబుల్లో రక్తం తీసి ఆ ఏ1సీ పరీక్ష చేసేది నేనే. ఆ మాటే చెప్పాను. "క్షమించండి, నిపుణుల స్థాయిలో వివరిస్తాను" అన్నారు. ఇల్లు పోయి టార్గెట్ సెల్ వచ్చింది. తాళం రిసెప్టరైంది, తాళంచెవి లైగాండైంది. కథ మాత్రం అదే, పాత పెళ్లికూతురికి కొత్త చీర. ఐరన్ ఊసు అందులోనూ లేదు, ఇందులోనూ లేదు. ఎర్రకణం ఇంచుమించు 120 రోజులు బతుకుతుంది, కొత్తవి తక్కువ పుడితే, ఎక్కువకాలం షుగర్ అంటించుకున్న పాతవాటి వాటా పెరిగి లెక్క పైకి పోవచ్చు, ఫాస్టింగ్ షుగర్ కూడా చూసుకోండి అంటే సరిపోయేది. తెలిసినవాడికి చెప్పడమంటే బరువైన మాటలు వాడటమా? తెలిసింది వదిలేసి అడిగింది చెప్పాలి గానీ!

చివర్లో "ఇంకా సులభంగా చెప్పమంటారా?" అనడం ఒకటి. వద్దు బాబూ.

ఇక్కడితో ఆగినా ఊరుకునేదాన్ని. సాయంత్రం అమ్మ అదే ఫోన్ తీసుకుని "కాఫీలో పంచదార వేసుకోవచ్చా నాయనా?" అని నోటితో అడిగింది. నేను టెక్నీషియన్నన్న సంగతి తమరు భద్రంగా గుర్తుపెట్టుకున్నారు. డెబ్బై దాటిన మనిషికి గ్లైసీమిక్ లోడు, పోస్ట్‌ప్రాండియల్ స్పైకు అంటూ క్లాసు పీకారు. వేసుకోవాలో వద్దో మాత్రం చెప్పలేదు. గొంతు వినీ తెలియలేదా? 'నాయనా' అని పిలిచినా తెలియలేదా? సిగ్గుండాలి!

అమ్మ ఫోన్ పక్కన పడేసి ఎదురింటి పిన్నిగారిని అడిగింది. ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: కాఫీ మానేసి పరగడుపున కాకరకాయ రసం తాగమంది. అమ్మకి పూర్తిగా అర్థమైంది. రేపట్నుంచి మొదలట.

ఇట్లు,
కాకరకాయలు తేవాల్సిన మనిషి