కోతుల్లో క్రిమి కనబడినంత మాత్రాన సరిపోదు
కోతుల్లో యాస్ క్రిమి ఉన్నంతకాలం మనుషుల్లో ఆ చర్మవ్యాధిని నిర్మూలించలేమని ఒక వ్యాసంలో చదివిన వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. 1966లో గినీ దేశపు బబూన్ అనే కోతి నుంచి వేరుచేసిన ట్రెపోనిమా అనే బ్యాక్టీరియా, జన్యుక్రమంలో మనుషుల యాస్ క్రిమికి అతి దగ్గరిదన్నది నిజమే. ఆఫ్రికా అడవుల్లో మరికొన్ని జాతుల కోతుల ముఖాల మీద, జననాంగాల మీద అటువంటి పుండ్లు కనిపిస్తున్నాయి కూడా. అయితే జంతువులో క్రిమి ఉండటం వేరు, అక్కడినుంచి అది మనిషికి సోకుతూ ఉండటం వేరు. సహజ పరిస్థితుల్లో ఈ రెండోది జరుగుతోందనడానికి గట్టి ఆధారం లేదు. 1952–64 మధ్య 46 దేశాల్లో పెన్సిలిన్‌తో సాగిన యాస్ నివారణ కార్యక్రమం తర్వాత యాస్ మళ్లీ తలెత్తిందంటే, పైకి పుండ్లు లేకుండా ఒంట్లో క్రిమిని మోస్తున్న మనుషులు చికిత్సకు అందకపోవడం, ఆ తర్వాత నిఘా సడలిపోవడమే నా దృష్టిలో ప్రధాన కారణాలు. అడవి చింపాంజీల్లో కనబడిన కుష్ఠు విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. పశ్చిమ ఆఫ్రికా దేశమైన గినీ-బిస్సావులో కెమెరాలకు చిక్కిన చింపాంజీల ముఖాల మీది గడ్డలు, వంకర తిరిగిన వేళ్లు చూస్తే మనసు తరుక్కుపోతుంది; కానీ అక్కడి క్రిమి, ఐవరీ కోస్ట్‌లోని టాయ్ అడవి చింపాంజీల్లోని క్రిమి వేర్వేరు రకాలని 2021లో వెల్లడైంది; అంటే రెండుచోట్లకూ అది ఒకే మూలం నుంచి వచ్చి ఉండకపోవచ్చు. సోకిన మూలం తేలకముందే దోషమంతా చింపాంజీల మీద మోపితే, అసలే అంతరించిపోతున్న ఆ జీవులను జనం భయంతో చంపే ప్రమాదముంది.